వెళ్ళొస్తాం అనకూడదు

గరిటె అత్తయ్యకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ పిల్లల హోమ్‌లో పంతొమ్మిదేళ్ళుగా వంట ఆమెదే, వంటగదీ ఆమెదే. పేరుకు వార్డెనమ్మ పెద్ద. అంత వార్డెనమ్మా గడప దగ్గర ఆగి, "అత్తయ్యా, లోపలికి రానా?" అని అడిగాకే అడుగు పెడుతుంది.

ఏటా ఒకసారి పరదేశం నుంచి కాలేజీ విద్యార్థులు దిగుతారు. పది రోజులుంటారు. నిరుడు వచ్చినవాళ్ళు రంగేసిన గోడకే మళ్ళీ రంగేస్తారు. సాయం చేస్తామంటూ వంటగదిలోకీ వస్తారు. ఈసారి పన్నెండుమంది కూర్చుని బంగాళాదుంపలకు తొక్క తీస్తే, తొక్కలు లావుగానూ దుంపలు గోలీలంతగానూ తేలాయి.

"తొక్కలే వండుకుందాం నాయనా, కండంతా వాటికే ఉంది" అంది అత్తయ్య.

మాట అర్థంకాని ఆ పిల్లలు తమను మెచ్చుకుంటోందనుకుని మురిసిపోయారు. ఆమెకూ నవ్వాగలేదు.

అయినా మొదటిరోజే ఒక షరతు పెట్టింది. వాళ్ళ టీచరమ్మకు మన మాట కొద్దిగా వచ్చు. ఆమెను పక్కకు పిలిచి, "పోయేటప్పుడు మీవాళ్ళెవరూ 'వెళ్ళొస్తాం' అనకూడదు" అంది.

"అదే మర్యాద అని మా పుస్తకంలో ఉందండీ. ఉట్టినే 'వెళ్తాం' అంటే బాగుండదట కదా?"

"ఆ పుస్తకం రాసినాయనకు మా బుడంకాయ తెలీదు. 'వెళ్తాం' అనండి, చాలు."

బుడంకాయకు ఆరేళ్ళు. నిరుడు వచ్చినవాళ్ళలో ఒకమ్మాయి దానికి రోజూ రెండు జడలు వేసి, బస్సెక్కుతూ "వెళ్ళొస్తా" అంది. మనమంతా అనే మాటే. ఇది మాత్రం నమ్మేసింది. మర్నాటి నుంచి గేటు దగ్గర కూర్చుంది. జడలు విప్పనివ్వలేదు. నెల్లాళ్ళు దానిచేత నాలుగు ముద్దలు తినిపించడానికి అత్తయ్య పడిన పాట్లు పగవాడికి కూడా వద్దు.

ఇంతా చేసి, ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితి తొట్టిలో పడిందన్నట్టు, అత్తయ్య కూడా పని మానేస్తోంది. మోకాళ్ళు అరిగిపోయాయి. "ఇంక చాలమ్మా, నా దగ్గర కూర్చో" అని కూతురు ఒకటే పోరు. సంగతి వార్డెనమ్మకూ, గేటు దగ్గరి కాపలా ముసలాయనకూ తప్ప ఎవరికీ తెలియదు. గరిటె ఎత్తితే అందరినీ హడలగొట్టే మనిషికి, పిల్లలకు ఆ ఒక్క మాట చెప్పడానికి ధైర్యం చాల్లేదు. విద్యార్థులు వెళ్ళేరోజు ఆ సందట్లో తానూ జారుకుందామనుకుంది.

ఆ సాయంత్రం పన్నెండుమందీ బస్సు ముందు వరసగా నిలబడి, పాఠం అప్పజెప్పినట్టు "వెళ్తాం, వెళ్తాం" అన్నారు.

"సరే, వెళ్ళండి" అంది బుడంకాయ పెద్దమనిషిలా. ఏడవలేదు. కళ్ళు తుడుచుకున్నది టీచరమ్మే.

బస్సు మలుపు తిరిగింది. అత్తయ్య తన చాకూ, అద్దాలూ, పాత చెప్పులూ సర్దుకున్న సంచి చంకన పెట్టుకుని గేటు దాటింది. రోజూ సాయంత్రం ఇంటికెళ్తూ అనే మాట, పంతొమ్మిదేళ్ళ అలవాటు ఊరుకుంటుందా? "వెళ్ళొస్తానర్రా!" అనేసింది. అని, నాలుక్కరుచుకుంది.

బుడంకాయ పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుంది.

"తప్పేనే తల్లీ. నేనూ అలా అనకూడదు" అంది అత్తయ్య, దాని మొహం చూడలేక.

"నువ్వు అనొచ్చులే అత్తయ్యా. నువ్వు నిజంగానే వస్తావుగా."

అత్తయ్య దాన్ని గేటు లోపలికి పంపింది. కూతురికి ఏం చెప్పాలో కూడబలుక్కుంటూ ఇల్లు చేరింది.

మర్నాడు తెల్లారేసరికి గేటు ముందు అదే సంచి, అదే మనిషి. కాపలా ముసలాయన తెల్లబోయాడు.

"అదేంటమ్మా, మానేశానన్నావుగా?"

"ఏం చెయ్యను బాబాయ్, నోరు జారాను. గేటు తియ్యి."