నాయనమ్మ రాయని ఉత్తరం

నా చిన్నప్పుడు మా ఇంటికి ఉత్తరం వచ్చిందంటే అమ్మ చేతిలో ఏ పని ఉన్నా పక్కన పెట్టేసేది. చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, అప్పుడు గానీ ఆ నీలం కవరు అందుకునేది కాదు. తనకు ఒక్క అక్షరం రాదు. అయినా అటూ ఇటూ తిప్పి, ముద్ర ఎక్కడ పడిందో చూసి, నాన్న డ్యూటీ నుంచి వచ్చేదాకా దేవుడి పటం వెనక దాచేది. నాన్న చదువుతుంటే ఎదురుగా గొంతుక్కూర్చుని, "మల్లీ సదువు, అదొక్కటీ మల్లీ సదువు" అంటూ ఉండేది.

మేము ఖిదిర్‌పూర్ ఓడల డాక్ వెనక బస్తీలో ఉండేవాళ్లం. నాన్నది శ్రీకాకుళం పక్క పల్లె. ఓడల్లోంచి సరుకు దించే పని మీద పెళ్లికి ముందే కలకత్తా వచ్చేశారు. మాది ఒకటే గది, ముందు చిన్న వరండా. ముగ్గురు పిల్లలం. అప్పటికి నాకు తొమ్మిదేళ్లు, తమ్ముడికి ఐదు, చెల్లికి ఇంకా మూడు నిండలేదు. ఆ గదిలో ముగ్గురు పిల్లలతో అమ్మ ఎలా వేగిందో నాకు పెళ్లయి పిల్లలు పుట్టాక గానీ అర్థం కాలేదు. కానీ అమ్మ వేగినట్టు నాకు గుర్తు లేదు. నవ్వినట్టే గుర్తు. మధ్యాహ్నం మూడింటికి నేలమీద పాత బెంగాలీ పేపరు పరిచి, మరమరాలు పోసి, ఆవనూనె, ఉల్లిపాయ, పచ్చిమిర్చి కలిపి, "ఎవులు ముందు మిరపకాయ కొరికితే ఆల్లు దొంగ" అనేది. మాకంటే ముందు తనే కొరికి, కళ్లలో నీళ్లు తిరుగుతుంటే నవ్వేది. కుళాయికి నీళ్లు వచ్చే వేళకి ముగ్గురినీ వరసగా నిలబెట్టి స్నానం చేయించేది. చెల్లి తడి వంటితోనే పారిపోతే గల్లీ చివరిదాకా వెంటపడేది. పక్కింటి బెంగాలీ పిన్నిగారు, మేము కాకిమా అని పిలిచే ఆవిడ, కిటికీలోంచి చూసి, అమ్మ కూడా పిల్లలతో పాటు చిన్నపిల్లే అని వేళాకోళం చేసేది.

నేను బెంగాలీ బడిలో చదివేదాన్ని. బెంగాలీ గబగబా చదివేదాన్ని. ఇంట్లో తెలుగు మాట్లాడటమే తప్ప, అక్షరాలు తెలియవు. తన కూతురికి తెలుగు రాకపోవడమేమిటని నాన్న ఆదివారాలు పలక మీద అ ఆలు నేర్పడం మొదలుపెట్టారు. రోజంతా బస్తాలు మోసి వచ్చిన మనిషి, నాలుగు అక్షరాలు దిద్దించేసరికి కునికిపాట్లు పడేవారు. మధ్యలో కళ్లు తెరిచి, "వచ్చిందా?" అనేవారు. నేను వచ్చిందనేదాన్ని. నిజానికి గుణింతం దగ్గరే నేను తప్పిపోయాను. మకీ యకీ తేడా తెలిసేది కాదు. ప, ష, స మూడూ అన్నదమ్ముల్లా కనిపించేవి. కానీ అమ్మ అప్పటికే కుళాయి దగ్గర అందరికీ చెప్పేసింది, మా పెద్దగుంటకి, అంటే నాకు, హిందీతో కలిపి మూడు భాషలొచ్చని. అలా చెప్పేటప్పుడు అమ్మ ముఖం ఎంత వెలిగిపోయేదంటే, నాకు రాదని చెప్పడానికి నోరు వచ్చేది కాదు.

ఆ ఏడు దుర్గాపూజ అయిపోయింది, బడి ఇంకా తెరవలేదు. నాన్న పదిహేను రోజుల పని మీద హల్దియా వెళ్లారు. ఒక మంగళవారం పోస్టుమాన్ నాయనమ్మ ఉత్తరం ఇచ్చి వెళ్లాడు. నాయనమ్మకీ చదువు లేదు. ఆవిడ చెబుతుంటే ఊళ్లో ఎవరో రాసిపెట్టేవారు. అమ్మ ఎప్పట్లాగే కవరు అటూ ఇటూ తిప్పింది. పటం వెనక పెట్టబోయి ఆగి, నా వైపు తిరిగింది.

"మీ నాన్న లేకపోతే ఏటి? నువ్వున్నావు కదా. సదువు."

కుళాయి దగ్గర నుంచి ఇద్దరు ఆడవాళ్లు కూడా వచ్చి వరండాలో నిలబడ్డారు. నేను కవరు విప్పాను. పలక మీద నాన్న రాసే అక్షరాలు విడివిడిగా, పెద్దగా ఉండేవి. ఇవి చీమలబారులా ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. ఒక్క ముక్క తెలియలేదు. ఆ క్షణంలో రాదని అనేస్తే అయిపోయేది. నేను అనలేదు. నాన్న ఉత్తరాలు చదివేటప్పుడు మొదట ఏమంటారో గుర్తు చేసుకుని, "ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను" అని మొదలుపెట్టాను. తర్వాత నోటికి ఏది వస్తే అది చెప్పాను. ఆవు ఈనిందని చెప్పాను. వానలు బాగా పడ్డాయన్నాను. ఇంకా కాగితంలో సగం మిగిలి ఉంది కాబట్టి, పిల్లల్ని కొట్టవద్దని, వాళ్లు అడిగింది కొనిపెట్టమని నాయనమ్మ చెప్పినట్టు చదివేశాను.

అమ్మ ఆశ్చర్యపోయింది. "ముసిల్దానికి ఇంత పేమ ఎప్పుడొచ్చీసిందో!" అని నవ్వింది. వచ్చినవాళ్లు నా తల నిమిరి వెళ్లారు.

సాయంత్రం అమ్మ మళ్లీ చదవమంది. నేను దీనికి సిద్ధంగా లేను. మొదట చెప్పినదంతా గుర్తు లేదు. ఆవు సంగతి చెప్పాను, వానలు మరిచిపోయాను. మధ్యలో ఆశ ఆపుకోలేక, పిల్లల్ని ఒకసారి గంగ మీద పడవెక్కించమని కూడా రాసిందని కలిపేశాను. అమ్మ నా ముఖం వైపు ఒక్క నిమిషం చూసింది. "లచ్చీవారం ఎల్దాం" అంది.

గురువారం పొద్దున్నే మమ్మల్ని ముస్తాబు చేసింది. పూజకి కుట్టించిన గౌన్లు, తమ్ముడికి కాటుక బొట్టు. ట్రాములో ముందు సీటు దొరికింది. మైదానం మీద పచ్చగడ్డిలోంచి ట్రాము పోతుంటే అమ్మ కిటికీకి చెంప ఆనించి కూర్చుంది. దిగి, చెల్లిని చంకనేసుకుని, గంగ ఒడ్డున బాబూఘాట్‌ దాకా నడిపించింది. అక్కడ హౌరాకి వెళ్లే లాంచీ ఎక్కాం. అమ్మ కూడా అదే మొదటిసారి ఎక్కడం. లాంచీ కదలగానే చిన్నగా కేకవేసి నా భుజం పట్టుకుంది. తర్వాత తేరుకుని, చెల్లి చెయ్యి పట్టి గాలిలో ఊపుతూ, ఎదురొచ్చే పడవలన్నిటికీ టాటా చెప్పించింది. అవతల ఒడ్డున హౌరా స్టేషను ఎర్రగా, పెద్దగా కనిపించింది. మేము గట్టు ఎక్కలేదు. అదే లాంచీలో కూర్చుని తిరిగి వచ్చేశాం. ఒడ్డున వేడివేడి జిలేబీలు ఆకు దొన్నెలో పెట్టించుకుని నలుగురం నిలబడి తిన్నాం. అమ్మ వేళ్లు నాకడం నేను అప్పుడే చూశాను. నా జీవితంలో అంత సంతోషమైన పూట మరొకటి ఉందేమో వెతుక్కోవాలి.

ఇల్లు చేరి, అన్నాలు తిని, తమ్ముడూ చెల్లీ నిద్రపోయారు. నాలుగు గంటలు దాటింది. గల్లీలోంచి ఎవరో తెలుగులో పిలుస్తున్నారు. అమ్మ బయటికి వెళ్లింది. ఎర్ర చొక్కా వేసుకున్న ఒక పెద్దాయన, హౌరా స్టేషన్లో సామాన్లు మోసే మనిషి, నెత్తిన ఒక మూటతో నిలబడి ఉన్నాడు. ఆయన వెనక గోడ పట్టుకుని నాయనమ్మ.

"మీ పెద్దామేనా అమ్మా? పొద్దుట బండి దిగిందంట. పెద్ద గడియారం కింద కూకోని కదల్నంటాది. కొడుకొత్తాడు, కోడలొత్తాది, ఇదే మాట. మాదీ పలాస పక్కే. డాకులో మనోల్లని అడిగి మీ ఇల్లు పట్టుకున్నాను" అన్నాడు.

నాయనమ్మ వరండాలో కూలబడిపోయింది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. మూట పోతుందేమోనని నీళ్ల కోసం కూడా లేవలేదట. కాసేపటికి గొంతు లేచింది. "ఏటే, నీకు మతుందేటి? రాయించినాను కదా! లచ్చీవారం పొద్దుట దిగుతాను, నాకు ఊరు తెల్దు, ఎవులైనా రండని రాయించినాను కదా! అందలేదేటి నీకు?"

అమ్మ నా వైపు తిరిగింది. నేను తలుపు వెనక ఉన్నాను. ఆ చూపు నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. కోపం లేదు. లెక్క తేలినట్టు ఒక్కసారి కళ్లు మూసి తెరిచింది, అంతే. ఇప్పుడు చెప్పేస్తుంది, అందరి ముందూ నన్ను లాగి కొడుతుంది అనుకున్నాను.

"అందింది అత్తా. రోజు నానే మర్సిపోనాను. తప్పు నాదే" అంది అమ్మ.

ఆ పెద్దాయనకి అన్నం పెట్టి పంపింది. నాయనమ్మ కాళ్లు వేణ్ణీళ్లతో కడిగింది. నాయనమ్మ తిడుతూనే ఉంది. ఆ రోజే కాదు, రెండు రోజులు తిట్టింది. కుళాయి దగ్గర అందరికీ చెప్పింది, స్టేషన్లో ముసలిదాన్ని వదిలేసిన కోడలని. అమ్మ కిమ్మనలేదు. ఆ రెండు రోజులూ నాకు అన్నం సయించలేదు. కొట్టి ఉంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. కొట్టకపోయేసరికి ఆ ఏడుపు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

శనివారం మధ్యాహ్నం నాయనమ్మ పిల్లలతో పడుకుంది. అమ్మ పటం వెనక నుంచి ఉత్తరం తీసి, వరండాలో నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఇప్పుడు సదువు. వొచ్చిందే సదువు. రానికాడ రాదని సెప్పు."

నేను వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం చదివాను. "గ... రాదు... య... అమ్మా, ఇది రాదు." రాదు అన్న ప్రతిసారీ అమ్మ తల ఊపి, "పోనీ, తరవాతది" అనేది, నేనేదో సరిగ్గా చెప్పినట్టే. చాలాసేపటికి ఒక వాక్యంలో కొన్ని ముక్కలు తేలాయి. మిగతావి నాయనమ్మ ఆ రెండు రోజులూ తిట్టిన మాటలతో జోడించి పోల్చుకున్నాం. మీరు వచ్చేదాకా గడియారం కింద నుంచి కదలను. అది చదివాక నేను ఏడ్చేశాను. అమ్మ నా తల తన ఒడిలోకి లాక్కుంది.

"నాకు సదువు రాదని ఊరందరికీ సెప్తాను. సెప్పి సదివించుకుంటాను. నా నోరేటైనా పడిపోనాదా? నీకేటే అంత సిగ్గు?" అంది. గొంతు తగ్గించి మళ్లీ అంది. "రెండోపాలి సదివినప్పుడే నాకు అనుమానమొచ్చింది. పడవ మాట ముందు నేదు కదా. కాకిమాకి తెలుగు రాదు గానీ, ఈ గల్లీలో మనోల్లు నేరేటి? ఎవుల్నైనా అడగొచ్చు. అడగనేదు. నాకూ ఆ పడవెక్కాలని ఉండీది. నువ్వు సదివిన ఉత్తరమే నాకు బాగుండింది."

తొమ్మిదేళ్ల పిల్లతో ఏ తల్లైనా అలా ఒప్పుకుంటుందా? తప్పు మొత్తం నా మీద పెట్టకుండా, తన వంతు తను తీసుకుంది. దాంతో నా వంతు నేను మోయగలననిపించింది.

నాయనమ్మకి చెప్పమని అమ్మ అనలేదు. మర్నాడు పొద్దున్న నాయనమ్మే నన్ను పిలిచింది, క్షేమంగా చేరానని ఊరికి ఒక కార్డు రాసిపెట్టమని. పలక, బలపం ఇచ్చినట్టే చేతిలో కార్డూ పెన్నూ పెట్టింది. నేను ఆ రెండూ తిరిగి ఆవిడ ఒళ్లో పెట్టేశాను.

"నాకు రాయడం రాదు నాయనమ్మా. సదవడం కూడా రాదు. నీ ఉత్తరం నేను సదవలేదు. అబద్ధం సెప్పినాను. అమ్మ మర్సిపోలేదు."

నాయనమ్మ పొయ్యి దగ్గర ఉన్న అమ్మ వీపు వైపు చూసింది. "మరి నన్నేల తిట్టనిచ్చినావే?" అంది. అమ్మ వెనక్కి తిరక్కుండానే, "ఆ రోజు నువ్వు పొద్దుట్నించి ఎండిపోయి ఉన్నావు. ఎవుల్నో ఒకల్ని తిట్టాలి కదా. పిల్లైతే బెదిరిపోద్ది" అంది. నాయనమ్మ లేచి వెళ్లి, తను ఊరినుంచి మూటలో తెచ్చిన జీడిపప్పు గుప్పెడు తీసి అమ్మ నోట్లో పెట్టింది. క్షమాపణ లాంటి మాటలు మా ఇంట్లో ఎవరికీ తెలియవు. తర్వాత, నేను ఏమేం చదివానో అమ్మ చెప్పగా విని నా వైపు తిరిగి, ఆవు నిజంగానే ఈనిందని చెప్పి, అది నాకెలా తెలిసిందని అడిగింది. ముగ్గురం నవ్వాం. నేను ఏడుస్తూ నవ్వాను.

నాన్న హల్దియా నుంచి వచ్చాక నాకు గుణింతం మళ్లీ మొదటి నుంచి నేర్పారు. "వచ్చిందా?" అంటే సగం అక్షరాల దగ్గర రాలేదనేదాన్ని. నాన్నకి ఆ జవాబు కొత్త. నిద్ర ఆపుకుని మళ్లీ దిద్దించేవారు. ఆరు నెలలకి ఊరినుంచి వచ్చిన నాయనమ్మ ఉత్తరం తడబడుతూనే ఉన్నది ఉన్నట్టు చదివాను.

పెద్దయ్యాక నేను ఒక నర్సింగ్ హోమ్‌లో మందులిచ్చే కౌంటర్ దగ్గర పాతికేళ్లు పనిచేశాను. డాక్టర్ల చేతిరాత ఎలా ఉంటుందో అందరికీ తెలిసిందే. కిటికీ బయట పదిమంది వరసలో నిలబడి ఉంటారు, తొందరపెడుతుంటారు. చీటీ మీద ఒక్క పేరు అర్థం కాకపోతే నేను లేచి, మెట్లెక్కి, డాక్టరు గదికి వెళ్లి అడిగేదాన్ని. వాళ్లు విసుక్కునేవారు. తోటివాళ్లు నవ్వేవారు. అలవాటైపోయిందనుకుంటారు గానీ, తెలియదు అనడానికి నాకు ఈ రోజుకీ ఒక్క క్షణం గొంతు పట్టేస్తుంది. ఆ క్షణం దాటడం నాకు అమ్మ నేర్పింది. దాటేస్తాను.