వెనక చక్రం ఎవరు కట్టారు?

సైకిలు మేస్త్రీ ఆ వీధి మలుపులో షాపు పెట్టి ఇరవై ఆరేళ్లయింది. ఆ ఇరవై ఆరేళ్లలో, చక్రాల బెండు తీసే స్టాండు ముందున్న పీట మీద మేస్త్రీ తప్ప మరొకరు కూర్చున్న దాఖలా లేదు. అతను వంకరపోయిన చక్రాన్ని స్టాండుకు తగిలించి, ఒక కన్ను మూసి, గిర్రున తిప్పి, ఏం సెలవిస్తాడా అని జనం ఎండలో నిలబడేవారు. రాజుగారికి సింహాసనం ఎంతో మేస్త్రీకి ఆ పీట అంత.

అంతటివాడికి నడుం పట్టేసింది. రెండు నెలలు వంగొద్దని డాక్టరు ఆజ్ఞాపించాడు. షాపు మూయడం ఇష్టంలేక భార్య వెళ్లి పీట మీద కూర్చుంది. ఇన్నేళ్లూ పక్కనే పంక్చర్లు వేస్తూ ఓరకంట నేర్చుకున్న పని ఎక్కడికి పోతుంది? రెండు నెలల తర్వాత మేస్త్రీ తిరిగొచ్చి తన చోట కూర్చున్నాడు. వచ్చినవాళ్లు మాత్రం అతని భుజం మీదుగా లోపలికి తొంగిచూసి, "అక్క లేదా?" అనసాగారు.

పైకి గంభీరంగానే ఉన్నా మేస్త్రీ లోపల కుతకుత ఉడికిపోయాడు. ఆవిడ బాగుచేసిన సైకిళ్లు వీధిలో పోతుంటే రిమ్ముకీ బ్రేకు రబ్బరుకీ మధ్య సందు ఎక్కడైనా తేడాగా ఉందేమోనని మెడ తిప్పి మరీ చూసేవాడు. ఉండేది కాదు. ఆ పూట కూరలో ఉప్పెక్కువైందని సణిగేవాడు.

ఒకరోజు పొద్దున్నే పోస్ట్‌మాన్ సైకిలు వెనక భాగాన్ని చేత్తో ఎత్తి పట్టుకుని, ముందు చక్రం మీద దొర్లించుకుంటూ వచ్చాడు. గేటుకు ఆనించిన సైకిల్ని తోపుడుబండి గుద్దిందట. వెనక చక్రం వానకు తడిసిన అట్టలా ముడుచుకుపోయింది.

"అక్క ఉందా బావా?"

"నేనున్నాను. కనిపించడంలేదా?"

"కనిపిస్తున్నావులే. ఇది వెనక చక్రం కదా, నా బరువూ ఉత్తరాల సంచీ అంతా దాని మీదే. అక్క చేత్తో అయితే..."

మూల కూర్చుని ట్యూబును నీళ్లలో ముంచి చూస్తున్న భార్య తల ఎత్తలేదు. మేస్త్రీ మాత్రం తల ఎత్తి, ఇద్దరికీ వినబడేలా చెప్పాడు.

"రిమ్ము పోయింది. కొత్త రిమ్ముకి నలభై స్పోకులూ నేనే అల్లుతాను. ఇంకో చెయ్యి పడవలసి వస్తే ఈ పీట ఆవిడకిచ్చేసి, నేను పంక్చర్లు వేసుకుంటాను."

ఉత్తరాలు పంచడానికి పోస్ట్‌మాన్ నడిచే వెళ్లాడు.

మేస్త్రీ అల్లాడు. చేతులు స్పోకుల మీదా, కళ్లు భార్య మొహం మీదా. ఆవిడ నవ్వుతోందా, లేదా అన్న పరిశోధనలోనే నలభై స్పోకులూ పూర్తయ్యాయి. టైరెక్కించి గాలి కొట్టబోతే పంపు మూతి వాల్వు దాకా పోలేదు. సరిగ్గా వాల్వు ఎదుటే రెండు స్పోకులు ఒకదాని మీదొకటి అడ్డంగా కూర్చున్నాయి. మొదటి స్పోకే ఒక రంధ్రం పక్కకు పడింది. పని నేర్చుకునేవాళ్లు చేసే తప్పది. వాళ్లయినా ఒక్కసారే చేస్తారు.

భార్య చూసింది. ఒక్క మాట అని ఉంటే హాయిగా పోట్లాడేవాడు. ఆవిడ నీళ్లు మార్చే మిషతో బేసిన్ తీసుకుని బయటికి వెళ్లి, కావలసినదానికన్నా చాలాసేపు అక్కడే ఉండిపోయింది. ఆ జాలి అతనికి ఇంకా మంటెక్కించింది. నలభై స్పోకులూ ఊడదీసి, ఈసారి చక్రాన్ని తప్ప లోకంలో మరేదీ చూడకుండా మళ్లీ అల్లాడు. బెండు తీశాడు. చక్రం తిరుగుతోందో నిలబడి ఉందో తెలియనంత తిన్నగా వచ్చింది.

మూడింటికి పోస్ట్‌మాన్ వచ్చి, చక్రం తిప్పి చూసి, మొహం చేటంత చేసుకున్నాడు.

"అక్క చెయ్యి పడితే ఆ లెక్కే వేరు."

"నేను ముట్టుకోలేదు తమ్ముడూ. మొత్తం ఆయనే కట్టారు," అంది భార్య.

పోస్ట్‌మాన్ ఆవిడ వంక భక్తిగా చూశాడు.

"చూశావా బావా? పని తను చేసి పేరు నీకిస్తోంది. పెట్టి పుట్టావు."

కట్టింది తానేనని మేస్త్రీ మూడుసార్లు చెప్పాడు. చెప్పినకొద్దీ పోస్ట్‌మాన్ నవ్వు వెడల్పయింది.

మాట ప్రకారం పీట మేస్త్రీకే దక్కింది. అయితే పోస్ట్‌మాన్ వెళ్లిన ప్రతి వీధిలోనూ అది అక్క కట్టిన చక్రమని చెప్పుకుంటూ వెళ్లాడు. ఇప్పుడు ఆ సైకిలు షాపు ముందు నుంచి పోయినప్పుడల్లా మేస్త్రీ పని ఆపి, వెంట్రుకవాసైనా ఊగని ఆ చక్రాన్ని సందు చివరిదాకా ఓర్వలేని కళ్లతో సాగనంపుతాడు. సొంత చేతిపనిని చూసి కుళ్లుకునే యోగం అందరికీ పట్టదు.