రాజధాని బండికి నల్లద్దాలు

ఈ రోజు మా పిన్ని, కూతురు రమ్యను ఢిల్లీకి రాజధాని ఎక్స్‌ప్రెస్ ఎక్కించడానికి చల్లపల్లి నుంచి బెజవాడ వచ్చింది. నేనూ తోడు వెళ్లాను. గుడివాడ ప్యాసింజర్ అయితే కిటికీ ఊచలు పట్టుకుని బండి కదిలేదాకా మాట్లాడొచ్చు. దీనికేమో తెరుచుకోని నల్లద్దాలు. పిన్ని అద్దం తట్టి, "వేళకి తిను, స్వెట్టర్ వేసుకో, చేరగానే ఫోన్ చెయ్యి" అని అరుస్తూనే ఉంది. లోపల నీడలా ఒక చెయ్యి ఊగింది. పిన్ని కళ్లు తుడుచుకుంది.

బండి వెళ్లగానే రమ్య ఫోన్. "అమ్మా, నా సీటు అవతలి వైపు. నువ్వసలు కనబడనే లేదు."

"మరి నాకు చెయ్యి ఊపిందెవరే?"

పిన్ని ఫోన్ పెట్టేసి, "ఎవరో పాపం, చివరిదాకా విన్నారు" అంది.

ఆ చెయ్యి ఊపింది మీరే అయితే, ఢిల్లీ చేరగానే ఓ కామెంట్ పెట్టండి. స్వెట్టర్ వేసుకున్నారో లేదోనని ఆవిడకి బెంగగా ఉంది.