జాయిస్ వ్యాను బ్రేకులు

చెవిటికల్లు నుంచి డయాలసిస్‌కి నందిగామ వెళ్ళేవాళ్ళకు జాయిస్ పాత ఓమ్ని వ్యానే దిక్కు. మొదట దాన్ని ఆమె భర్త స్టీవెన్ నడిపేవాడు. షుగరు అతని చూపు తినేశాక జాయిస్ స్టీరింగు పట్టింది. ఆడమనిషి నడిపే బండి ఎక్కేదేమిటి అని ముఖం తిప్పుకున్నవాళ్ళే కొన్నాళ్ళకి ఆమె కోసం వీధిలోకి వచ్చి నిలబడ్డారు.

ఆ మంగళవారం డయాలసిస్‌కి వెళ్ళే పుల్లమ్మను ముందుసీట్లో కూర్చోబెట్టుకుని ఏటిగట్టు దిగుతోంది. బ్రేకు పెడలు మెత్తగా లోపలికి పోయింది. మళ్ళీ తొక్కింది. వ్యాను నెమ్మదించిందే గానీ ఆగలేదు. ఎదురుగా గేదెల మంద. హ్యాండ్‌బ్రేకు లాగి, బండిని పక్కనున్న పత్తికట్టె కుప్పలోకి తిప్పేసింది. బండి ఆగింది. పుల్లమ్మ నుదురు డాష్‌బోర్డుకు కొట్టుకుని చిట్లింది.

"చంపేసేదానివి గదే అమ్మాయ్!" అని ఆమె ఏడుస్తుంటే జాయిస్ తన కొంగుతో ఆ నుదురు అదిమిపట్టింది.

మెకానిక్ ఆశీర్వాదం వ్యాన్ని నందిగామలోని తన షెడ్డుకు లాక్కెళ్ళాడు. జాయిస్, స్టీవెన్ కూడా వెంట వెళ్ళారు. ముందు చక్రం విప్పి, బ్రేకు ఆయిలు అందించే రబ్బరు హోస్ పైపును వంచాడు. పగుళ్ళు నోళ్ళు తెరిచాయి.

"ఇదే పగిలిందక్కా. అవతలి పక్కది పర్లేదు, ఇంకొన్నాళ్ళు నడుస్తది."

"దాన్ని నా చేతికివ్వు," అన్నాడు స్టీవెన్. విప్పి ఇచ్చిన ఆ రెండో పైపును వేళ్ళతో మెల్లగా తడుముతూ పోయి ఒకచోట ఆగాడు. "ఇక్కడ ఉబ్బింది. అన్నీ మార్చేయ్ తమ్ముడూ, వెనకది కూడా." పైపును తిరిగిచ్చి అన్నాడు: "నేను నడిపేటప్పుడు ఏటా వంచి చూసేవాణ్ణి."

"మరి నాకు చెప్పొచ్చుగా!"

"బండి నీ చేతికిచ్చాక దాని ఊసెత్తాలంటేనే ఏడుపొచ్చేది జాయిస్."

ఆమెకు కోపమొచ్చింది. అతని ముఖం చూశాక ఆ కోపాన్ని ఏం చేసుకోవాలో తెలియలేదు.

కొత్త పైపులు బిగించాక లోపలి గాలి తీయాలన్నాడు ఆశీర్వాదం. జాయిస్ సీట్లో కూర్చుంది. "తొక్కి పట్టుకో అక్కా, నేను చెప్పేదాకా వదలొద్దు," అని అతను కిందనుంచి కేకేస్తుంటే ఆమె పెడలు అదిమిపట్టింది. ఆయిల్లో బుడగలు ఆగిపోయి పెడలు గట్టిపడేదాకా తొక్కుతూనే ఉంది. తర్వాత ఆశీర్వాదాన్ని స్టీరింగు ఇటూ అటూ తిప్పమని, పైపు చక్రానికి రాసుకోవడం లేదని తనే వంగి చూసుకుంది.

పుల్లమ్మ కొడుకు మోజెస్ ఇక ఆ వ్యాను వద్దని అమ్మకు ఆటో మాట్లాడాడు. ఖాళీ సీటును చూసినప్పుడల్లా జాయిస్‌కి గుండె బరువెక్కేది. కొద్దిరోజుల తర్వాత, నుదుటి కుట్లతోనే పుల్లమ్మ వ్యాను దగ్గరికొచ్చింది.

"ఆటో కుదుపులకి సూదుల చెయ్యి సలుపుతోందే. వస్తా. ముందు మాత్రం కూర్చోను."

గట్టు దిగేచోట జాయిస్ ఫస్టు గేరులో పాకించింది. వెనకనుంచి పుల్లమ్మ ప్రార్థన వినపడుతోంది.

"దిగేశాం పెద్దమ్మా," అంది జాయిస్.

ప్రార్థన ఆగలేదు. నందిగామ దాకా సాగుతూనే ఉంది.