పాలు పొంగని ఇల్లు

తొంభైల్లో మద్రాసులో చేతిలో నాలుగు డబ్బులు ఆడినవాడల్లా ఊరి చివర స్థలం కొన్నాడు. మా మేనమామ కూడా కొన్నాడు. తాంబరం దాటాక, అడయారు నదికి నీళ్లు వదిలే ఒక చెరువు కింద. ఆ చెరువు ఆయకట్టు పొలాలు అప్పటికే ప్లాట్లయిపోయాయి. ఎగువన వరి పండిన చోట పచ్చి తోళ్లు ఊని పదునుచేసే షెడ్లు లేచాయి. షెడ్ల నీళ్లు చెరువులోకి, చెరువు ఊట మామ ప్లాటు అడుగుకి, మిగిలింది నదిలోకి. ఇది తెలుసుకోవడానికి చదువు అక్కర్లేదు, ముక్కుంటే చాలు. మామ ముక్కులో మాత్రం స్థలం అమ్మిన దళారి మాటలు దూదిలా కుక్కి ఉండేవి.

ఆ కంపుకి అక్కడి కాకులు ఒక రెక్కతో ముక్కు మూసుకుని రెండో రెక్కతో ఎగిరేవి. నేను చూశాను. అబద్ధమైతే రేపు నా కాఫీలో పాలు విరిగిపోవాలి.

విరిగిన పాల సంగతే చెప్పాలి. గృహప్రవేశం రోజు కొత్త బావి నీళ్లు గిన్నెలో కాసిని పోసి, వాటి మీద పాలు పోసి పొంగించడం మా ఇళ్ల ఆనవాయితీ. పాలు అడుగంటవు, బావికి మర్యాద చేసినట్టూ ఉంటుంది. అత్త పొయ్యి వెలిగించింది. పాలు పొంగలేదు. విరిగి, పసుపుపచ్చ నీళ్ల మీద గడ్డలై తేలాయి.

చుట్టాలు షెడ్ల వైపు చూస్తారనుకున్నాను. అందరూ బావి వైపు చూశారు.

"బావి ఆగ్నేయంలో ఉండాది. విరక్క ఏమవుతాయి?" అన్నాడొక పెద్దాయన, గాలికి అడ్డంగా కండువా ముక్కుకి కట్టుకుని.

అత్త గిన్నె దించి మామతో ఒకటే మాట అంది. "ఈడ పాలు పొంగిందాకా నేను వ్యాసర్పాడి అద్దె ఇల్లు ఖాళీ చేసేది లేదు."

మామ బతుకంతా కూడబెట్టిందంతా ఆ గోడల్లోనే ఉంది. వెంటనే ఈశాన్యంలో ఇంకో బావి తవ్వించాడు. భూమి లోపలి నీళ్లు దిక్కులు చూసుకుని నడుస్తాయన్నట్టు! పాలు మళ్లీ విరిగాయి. పొయ్యిని తూర్పుకి తిప్పారు. పాలకి ఆ సంగతి తెలిసినట్టు లేదు. గుమ్మానికి గుమ్మడికాయ కట్టారు. అది వారంలోపే కుళ్లి, ఆ కంపులో తన వంతు కలిపింది.

వానాకాలం వెళ్లాక దళారి వచ్చాడు, టి. నగర్‌లో కొన్న పట్టు చొక్కాతో. ఆ రోజు అత్తా మామలతో నేనూ కొత్త ఇంటి దగ్గరే ఉన్నాను.

"ఏందక్కా, చిన్న విషయానికి ఇంత యోచన? కొత్త బావి అంతే. వాన పడితే సర్దుకుంటాదని ఆ పొద్దే చెప్పినా కదా."

"పడింది కదా తమ్ముడూ. సరి, కూచో," అని అత్త ఈశాన్యం బావిలోంచి ఒక చెంబు తోడి అతని ముందు పెట్టింది. "ఎండలో వచ్చినావు. ముందు దాహం తీర్చుకో."

"వద్దక్కా. ఇప్పుడే దోవలో ఎళనీరు తాగినా."

"ఇది నీ స్థలంలో నీళ్లే కదప్పా. కొబ్బరినీళ్లకి తీసిపోతాదా?"

"డాక్టరు పచ్చినీళ్లు వద్దన్నాడు."

"కాచిస్తా ఉండు."

అతను వాచీ చూసుకున్నాడు. మామ ఇంతసేపూ గడప మీద కూర్చుని ఆ చెంబునే చూస్తున్నాడు. లేచి, దాన్ని తీసి అతని చేతిలో పెట్టాడు. "ఒక్క గుక్క. నువ్వు తాగితే నేను ఈ రాత్రే సామాను దింపుతా."

దళారి చెంబు కింద పెట్టి, మైలాపూరులో పనుందని వెళ్లిపోయాడు. అతని పెదవి తడవలేదు.

మామ తలుపుకి తాళం వేశాడు. "పదవే, వ్యాసర్పాడికి పోదాం," అన్నాడు.

ఆ కొత్త ఇంట్లో అద్దెకు ఉంటామని మనుషులెవరూ రాలేదు. చివరికి ఎగువ షెడ్లవాళ్లే వచ్చారు, ఉప్పు పెట్టిన తోళ్లు దాచుకోవడానికి. తోళ్లు కాఫీ అడగవు. వాటిని ఈశాన్యం బావి నీళ్లతో కడిగి, ఆ కడుగు నీళ్లు నది వైపు కాలువలోకి వదిలారు.

చుట్టాలు దీనికీ మురిసిపోయారు. "చూస్తివా? బావి ఈశాన్యానికి మారినాక అద్దె వస్తా ఉండాది."

అత్త వ్యాసర్పాడి వంటింట్లో, కార్పొరేషన్ లారీ నీళ్లతో, పొంగుతున్న పాలు దించి అందరికీ కాఫీ కలిపింది.