గొడుగు కింద సింగన్న

సవర సింగన్న ఇక లేడు. ఈ ఒక్క వాక్యం రాసి చాలాసేపు కలం పక్కన పెట్టాను. ఆ వార్త ఫోన్‌లో చెప్పిన మనిషిని "ఏ సింగన్న?" అని గద్దించాను కూడా. ఆ కొండల్లో సింగన్నలు చాలామంది ఉన్నారు, మా సింగన్న కాకూడదని నా ఆశ. "మీ బొమ్మల సింగన్నే మేడమ్" అన్నాడు. అకాల మరణం, ఆకస్మిక నిర్యాణం వంటి మాటలు పత్రికల్లో నిత్యం చదివి పేజీ తిప్పేసేదాన్ని. ఆ రోజు తిప్పడానికి పేజీ లేకపోయింది.

వానాకాలపు జ్వరం. పార్వతీపురం పైన, కొండ మీదున్న వాళ్ల ఊరికి బండి వెళ్లే దారి లేదు. డోలీ కట్టి వర్షంలోనే మోసుకుంటూ దించారు. వాగు పొంగి ఉంటే, నీరు తగ్గి వాగు తీసేదాకా ఒడ్డున ఆగారు. ఆ ఆగడంలోనే ప్రాణం పోయింది. దీనికి నేను ఏ అలంకారమూ చేర్చను. నలభై నిండని మనిషి, మట్టిగోడకు చలనం నేర్పిన కళాకారుడు, వాగు దాటలేక చనిపోయాడు. నాకు దుఃఖం కన్నా ముందు కోపం వచ్చింది. అది ఇప్పటికీ తగ్గలేదు.

అతన్ని ఎరుగనివారి కోసం కొంత చెప్పాలి. సవర గిరిజనుల ఇళ్లలో ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండి నీళ్లతో బొమ్మలు వేస్తారు. ఇంట్లో ఎవరైనా పోతే, పోయినవారితో మాట్లాడగల పెద్దను పిలిపిస్తారు. అతన్ని ఎజ్జోడు అంటారు. పోయినవారికి ఏం కావాలో వాళ్లు అతని నోట చెబుతారు. అవన్నీ చేర్చి గోడ మీద బొమ్మ వేస్తే వాళ్లు వచ్చి అందులో నివసిస్తారని విశ్వాసం. సింగన్న మేనమామ అటువంటి బొమ్మలు వేసే మనిషి. ఆయన దగ్గర చేయి తిప్పడం నేర్చుకున్న సింగన్న, అదే పిండితో, తమ ఇంటి గోడ మీదే యానిమేషన్ సినిమా తీశాడు. దానికి కెమెరా పట్టుకున్నదాన్ని నేను.

తొలిసారి అతన్ని బొర్రా దగ్గర ఒక హోటల్ గోడకు బొమ్మలు వేస్తుండగా చూశాను. థింసా నాట్యం వేయమన్నాడు యజమాని. సింగన్న నాట్యమాడే ఆడవాళ్ల వరుస వేసి, వాళ్ల ఎదురుగా ఫోన్లు ఎత్తి పట్టుకున్న పర్యాటకుల వరుస కూడా వేశాడు. "వీళ్లెందుకయ్యా మధ్యలో?" అని యజమాని విసుక్కుంటే, "ఆల్లూ రోజూ వస్తన్నారు గదండీ. ఒగ్గేత్తే బాధపడతారు" అన్నాడు. ముఖంలో నవ్వన్నది లేదు. నేను మాత్రం నవ్వు ఆపుకోలేకపోయాను. ఆ నవ్వుతోనే మా స్నేహం మొదలైంది, నేను అతనికి అక్కనయ్యాను.

మా పని ఇలా సాగేది. అతను గోడ మీద లేడిని వేస్తాడు, నేను ఫొటో తీస్తాను. తడిగుడ్డతో లేడి కాలు తుడిచి, ఎర్రమట్టి పూసి, అది ఆరాక కాలును రవ్వంత ముందుకు వేస్తాడు. మళ్లీ ఫొటో. లేడి ఒక్క గంతు వేసేసరికి మాకు పొద్దు గూకేది. "కానీ సింగన్నా, వెలుగు పోతోంది" అని తొందరపెడితే, "బేగి సేసీమంటే మట్టి ఇంటాదా అక్కా? నువ్వు తిట్టినా ఆరదు" అనేవాడు. ఒకనాడు అన్నం తిని వచ్చేసరికి ఇంటి మేక గోడ నాకేసింది. బియ్యప్పిండి కదా, పొద్దున వేసిన పులి వెనక సగం మాయం! నేను తల పట్టుకున్నాను. సింగన్న మేకను ఒక్క మాట అనలేదు. సగం పులి పక్కనే ఒక మేకను వేసి, "పులిని తినేసిన మేకక్కా. మా ఊరికి ఇలాటిదే గావాల" అన్నాడు. సినిమా చూసే జనం ఎక్కువగా నవ్వేది ఆ చోటే.

ఆ సినిమా పేరు 'అమ్మ ఉన్న గోడ'. తల్లి అతని చిన్నతనంలోనే పోయింది. సినిమాలో కోళ్లు గింజలు ఏరుకుంటాయి, చెట్లు ఊగుతాయి, వాన ఏటవాలుగా కురుస్తుంది. నడిమధ్యన తల్లి కూర్చుని ఉంటుంది. ఆమె మాత్రం కదలదు. ఒక్కసారి తల తిప్పించవయ్యా అని అడిగాను. "తుడవాల గదక్కా" అన్నాడు. నాకు అర్థం కాలేదు. "అమ్మ తల తిప్పాలంటే ముందు అమ్మ తల తుడిసీయాల. వచ్చి కూకున్నదాన్ని తుడిసేత్తే ఎక్కడికెల్తాది?" అన్నాడు, తడిగుడ్డ పక్కన పెట్టి. సినిమా పూర్తయ్యేదాకా మరి నేనా మాట ఎత్తలేదు.

సినిమా, టెలివిజన్ యానిమేషన్‌లో ప్రతిభకు ఏటేటా ఇచ్చే పురస్కారాలకు నిరుడు ఆ చిత్రాన్ని పంపాం. తిప్పి పంపేశారు. ప్రధాన పాత్రకు చలనం లేదు, పని అసంపూర్ణం, కంప్యూటర్లో ఆ ఒక్క బొమ్మను కదిలించి పంపితే మళ్లీ చూస్తామన్నారు నిర్ణేతలు. కంప్యూటర్లోనైతే గోడ తుడవక్కర్లేదు కదా అని నచ్చజెప్పబోయాను. "గోడ మీద తుడిసినా, టీవీలో తుడిసినా అమ్మకి తెలిసిపోద్దక్కా" అన్నాడు. అతనికి ఆ పురస్కారం మీద ఆశ లేదనుకుంటే పొరపాటు. చాలా ఉంది. "స్టేజీ ఎక్కి, మైకులో ఒక్కటే మాట అడుగుతాను. మా ఊరికి దారెయ్యండి బాబూ అని. టీవీలోళ్లంతా ఉంటారు గదా" అనేవాడు. ఈ ఏడు అదే చిత్రాన్ని, ఒక్క గీతైనా మార్చకుండా మళ్లీ పంపాం.

అతను పోయిన కొద్ది రోజులకే నిర్వాహకుల నుంచి ఫోన్. ఈసారి నిర్ణేతలు మారారట, పురస్కారం సింగన్నకే! మరణవార్త చెబితే అవతలి మనిషి నిజంగానే బాధపడ్డాడు. ఆ తర్వాత, "ఆయన ఫొటోలు, వాయిస్ పంపండి మేడమ్. తెర మీద ఆయనే నడిచొచ్చి, అవార్డు తీసుకుని, మాట్లాడేలా మావాళ్లు చేసేస్తారు. అచ్చం బతికున్నట్టే ఉంటుంది" అన్నాడు. దాచడమెందుకు, నాకు ఆశ పుట్టింది. సింగన్న నడిచి రావాలి, ఆ దారి సంగతి తన నోటితోనే అడగాలి, నేను కళ్లారా చూడాలి అనిపించింది. కానీ సరే అనవలసింది నేను కాదు. కొండెక్కాను.

ఇంట్లో గోడ కొత్తగా అలికి ఉంది. మేనమామ బొమ్మ వేస్తున్నాడు. ఎజ్జోడి నోట సింగన్న ఏమడిగాడని భార్య సుక్కమ్మను అడిగాను. కెమెరా అడిగి ఉంటాడనుకున్నాను. "తడిసిపోతన్నానన్నాడక్కా. గొడుగడిగినాడు" అంది.

వాగు ఒడ్డున అతని మీద కప్పిన ప్లాస్టిక్ పట్టా గాలికి నిలవలేదట. నేను గుమ్మంలోనే కూలబడి ఏడ్చాను. ఎప్పటికో తేరుకుని నిర్వాహకుల మాట చెప్పాను. సుక్కమ్మ అంతా విని, "ఆడు ఆళ్లమ్మని కదపలేదు గదా. ఇప్పుడే గొడుగు కిందకొచ్చి కూకున్నాడు. మల్లీ ఆడిని వానలోకి లేపకండక్కా" అంది. మేనమామ బొమ్మ వేస్తున్న పుల్ల ఆపి, ఆ అవార్డేటో చూపించమన్నాడు. ఫోన్‌లో చూపించాను.

"ఏ సేతికియ్యాల దీన్ని?" అన్నాడు.

"కాళ్లకాడెట్టీ మావా. రెండు సేతులూ గొడుక్కే ఉండనీ" అంది సుక్కమ్మ.

హైదరాబాదు సభలో ఆ గోడ ఫొటోనే తెర మీద వేయించాను. అంతకుముందు రకరకాల బొమ్మలు ఎగిరి గంతులేసి వెళ్లాయి. సింగన్న పేరు పిలిచాక తెరంతా ఎర్రబడింది. గొడుగు కింద తెల్లటి మనిషి, కాళ్ల దగ్గర పురస్కారం. బొమ్మ కదులుతుందని సభంతా ఎదురుచూసింది. కదలలేదు. కొంతసేపటికి ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. అతను అడగదలచిన ఆ ఒక్క మాట మైకులో నేనే అడిగాను. చప్పట్లు బాగా కొట్టారు. దారి మాత్రం ఇంతవరకు పడలేదు.

వాళ్ల ఇంటి బయటి గోడ మీద రెండో సినిమా మొదలుపెట్టి ఉన్నాడు. లేడి ఒకటి కాలెత్తి నిలబడి ఉంది. ఆ కాలు దించగల చేయి ఈ కొండల్లో మరొకటి లేదు, ఎక్కడో ఉందని ఎవరన్నా నేను నమ్మను. మేక అటు పోకుండా సుక్కమ్మ దడి కట్టింది. సింగన్నా, నీకు నా కన్నీటి నమస్కారం. గొడుగు గట్టిగా పట్టుకో తమ్ముడూ, ఇక్కడ వాగు ఇంకా తీయలేదు.