బావ కాలికి కండ రాలేదు

ఈ నెల మొదట్లో మా బావ ఉద్దానంలో చనిపోయాడు. అక్క భర్త. నేను టెక్కలి బడిలో డ్రిల్లు మాస్టర్ని. వాళ్ల ఊరి మనిషి బడికే వచ్చి చెప్పాడు. మూడు రోజుల జ్వరమట, అంతే.

నన్ను వ్యాయామ శిక్షణకు పంపమని మా నాన్నతో వాదించింది బావే. అది తలుచుకుంటేనే నాకు మరీ కష్టంగా ఉంది.

కొబ్బరి కాయలు దింపడం ఆయన పని. రెండేళ్ల కిందట, కొత్త రాష్ట్రం ఏర్పడిన ఏడాది, చెట్టు మీంచి పడి తొడ ఎముక విరిగింది. కట్లు విప్పేసరికి ఆ కాలు రెండో కాలిలో సగమైంది. అందరూ నా వైపే చూశారు. గుంజీలు తియ్యమన్నాను.

"తొడ మండేదాకా తియ్యి బావా. మండితేనే కండ పెరుగుతాది."

నాకు నేర్పినవాళ్లు చెప్పిన మాట అది. నిజమో కాదో నేనెన్నడూ ఆలోచించలేదు.

బావ నమ్మాడు. రోజూ పొద్దున్నే పెరట్లో జీడిచెట్టు కొమ్మ పట్టుకుని, పళ్లు బిగించి మొదలుపెట్టేవాడు. ఆదివారం నేను వెళ్లగానే, "ఈ వారం బాగా మండింది మేస్టరూ" అని పంచె పైకి లాగి చూపించేవాడు. రెండు చేతులతో తొడ చుట్టి చూసేవాణ్ణి. ఏమీ మారేది కాదు.

"మంటకి సిగ్గు లేదు, పిలవకుండానే వచ్చేత్తాది. కండకే బెట్టు" అని నవ్వేవాడు.

చివరికి పలాసలో ఒక డాక్టరుకు చూపించాను. "మంట పుట్టిందంటే కండ అలిసిందని. అది పెరుగుతున్నట్టు కాదు. పెరగాలంటే తిండీ విశ్రాంతీ ఉండాలి. ఏం తింటున్నావు?" అని అడిగాడాయన.

"అన్నీ తింతన్నానండి" అన్నాడు బావ.

తిరుగు బస్సులో, "ఆయనకేటి తెలుసు? నువ్వు సెప్పిందే సేత్తాను" అన్నాడు. నేను వద్దనలేదు.

దహనం అయ్యాక అక్క చెప్పింది. "ఒక్క పూటే తినేవోడు తమ్ముడా. సెట్టెక్కనోడికి రెండు పూటలెందుకని పిల్లలకి వదిలీసేవోడు. నీకు సెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు."

రెండేళ్లు, ప్రతి ఆదివారం, ఆ ఇంట్లో నేను కడుపునిండా తిని వచ్చాను.

పెద్దకర్మ నాడు విస్తరి ముందు కూర్చున్నాను. అక్క వేడన్నం వడ్డించి, "తిను" అంది. ఆవిరి పోయి అన్నం చల్లారేదాకా అలాగే ఉండిపోయాను. అక్క పక్కనే నిలబడి, కొంగుతో ఈగలు తోలుతూ ఉంది.